పెరటి డెక్‌కు డబ్ల్యూపీసీ పలకలు: బెంగళూరు ఎండకు, వానకు ఎంతవరకు నిలుస్తాయి

చెక్కపొడిని ప్లాస్టిక్‌తో కలిపి, కరిగించి, అచ్చులోంచి పొడవుగా నెట్టి తయారుచేసే డబ్ల్యూపీసీ డెక్ పలకలు ఇప్పుడు బెంగళూరులో పెద్ద ప్లైవుడ్ దుకాణాలు చాలావాటిలో దొరుకుతున్నాయి. హొరమావులో సొంత ఇల్లు కట్టుకున్న మా మిత్రుడి పెరట్లో ఈ పలకలతోనే డెక్, అంటే నేలకు కాస్త ఎత్తున పలకలు పరచిన వేదిక, వేశాము. పలకలు ఎంచుకోవడం, చట్రం వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ దగ్గరుండి చూసుకోవడం, క్లిప్పులు బిగించడం వరకు అన్నిటిలోనూ నేను అతనికి తోడున్నాను. డెక్ వేశాక ఒక వానాకాలం, ఒక వేసవి పూర్తిగా గడిచాయి కాబట్టి ఇప్పుడు దీని గురించి నమ్మకంగా రాయగలను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. పలక మంచిదే, కొనదగినదే. అయితే అది కాలు పెట్టుకునే నేల మాత్రమే, బరువు మోసే దూలం కాదు. ఈ తేడా తెలిసి కొన్నవారికి పెట్టిన డబ్బు దక్కుతుంది. చదరపు అడుగు ధర ఒక్కటే చూసి కొన్నవారికి మాత్రం అడుగు వేసినప్పుడల్లా ఊగే డెక్ మిగులుతుంది.

మిత్రుడు మొదట అసలైన కలపతోనే వేయాలనుకున్నాడు. అతను అమెరికాలో ఉన్న రోజుల్లో ఇంటింటా చూసినవి మందు పట్టించిన పైన్ చెక్క డెక్‌లు. పైన్ స్వభావరీత్యా మెత్తని కలప. దాన్ని ఆరుబయట నిలబెట్టినది, రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను ఒత్తిడితో చెక్క లోపలికి ఎక్కించే పద్ధతి. ఆ మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కనిపెట్టిన శాస్త్రవేత్త సొంటి కామేశం అని తెలుగువారు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. ఆర్సెనిక్ వల్ల కలిగే హాని దృష్ట్యా అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ళలో వాడే కలపకు ఆ మందు పట్టించడం ఆపేశారు. ఇప్పుడు అక్కడ రాగి ఆధారిత మందులు వాడుతున్నారు. ఆ రకం పైన్‌ను ఇక్కడికి తెప్పించుకోవడం కంటే మన అడవుల కలపే మేలని మేము మైసూరు రోడ్డులోని టింబర్ యార్డ్ లేఅవుట్‌కు వెళ్ళాము.

కలప కొనే ఆలోచన ఉన్నవారు అక్కడ ఒక పూట గడిపితే చాలా నేర్చుకుంటారు. టేకు, వేగిస, నల్లమద్ది దుంగలు వరుసగా పేర్చి ఉంటాయి, కోత మరలు పక్కనే ఉంటాయి, అడిగిన కొలతకు కోసి ఇస్తారు. కలపను నేలలో సగం పాతి పరీక్షించినప్పుడు 120 నెలలకు పైగా నిలిస్తే దాన్ని భారతీయ ప్రమాణాల ప్రకారం మొదటి తరగతిగా లెక్కిస్తారు. టేకు చేవ ఆ తరగతికి చెందినది. అయితే ఆ గౌరవం చేవకే గానీ దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకు లేదు. తక్కువ ధరకు చూపించిన పలకల్లో అంచు పొడవునా లేత పసుపు చార కనిపించింది. చెద పట్టేది, వానకు ముందుగా పుచ్చేది ఆ చారే. కొన్న కలప నిజంగా ఏ జాతిదో తేల్చుకోవాలంటే మల్లేశ్వరంలోని కలప శాస్త్ర, సాంకేతిక సంస్థలో నమూనా ఇచ్చి పరీక్ష చేయించుకోవచ్చు. నిఖార్సయిన చేవ పలకలకు చెప్పిన ధర మిత్రుడి అంచనాను బాగా దాటిపోయింది. దానికి తోడు ఏడాదికోసారి నూనె పట్టించే పని కూడా ఉంటుంది. ఇంట్లో అతని తల్లిగారు చెప్పులు లేకుండా పెరట్లో తిరుగుతారు. అరికాలిలో చెక్క పేడు గుచ్చుకునే అవకాశమే ఉండకూడదన్నది ఆవిడ పెట్టిన ఏకైక నియమం. చివరికి డబ్ల్యూపీసీ వైపు మొగ్గడానికి ధర కంటే ఈ నియమమే పెద్ద కారణమైంది.

డబ్ల్యూపీసీ అని అడిగితే దుకాణదారు నాలుగు రకాలు చూపిస్తాడు, వాటి మధ్య తేడా చాలా ఉంది. లోపల గుల్లగా ఉండే పలకలు కొన్ని, నిండుగా ఉండేవి కొన్ని. అలాగే ఒంటి పొర పలకలు కొన్ని, పైన ప్లాస్టిక్ తొడుగు వేసినవి కొన్ని. గుల్ల పలక తేలిక, చవక. కానీ దాని గొట్టాల్లోకి నీరు, చీమలు, మట్టి చేరకుండా రెండు చివర్లా మూతలు బిగించాలి, బరువైన వస్తువు పడితే పైపొర పగిలే ప్రమాదం ఉంది. మేము తీసుకున్నది 145 మిల్లీమీటర్ల వెడల్పు, 22 మిల్లీమీటర్ల మందం, 2.9 మీటర్ల పొడవు ఉన్న నిండు పలక. ఒక్కొక్కటీ సుమారు 12 కిలోలు తూగుతుంది. ఇద్దరు పట్టుకోకుండా మోస్తే మధ్యలో విల్లులా వంగుతుంది, ఆ వంపు చూసినప్పుడే ఈ వస్తువు స్వభావం అర్థమవుతుంది.

తొడుగు ఉండాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నమూనా ముక్కలను ఇంటికి తెచ్చి పరీక్షించాము. ఒంటి పొర ముక్క మీద, తొడుగు ఉన్న ముక్క మీద ఆవకాయ నూనె చుక్కలు వేసి, పసుపు నీళ్ళు చల్లి, మర్నాటి దాకా వదిలేశాము. తొడుగు ఉన్న ముక్క మీద నూనె గుడ్డతో తుడవగానే పోయింది. ఒంటి పొర ముక్క మీద రూపాయి బిళ్ళంత నల్లని మరక మిగిలింది, గిన్నెలు తోమే సబ్బుతో రుద్దినా పూర్తిగా వదలలేదు. పసుపు మరక మాత్రం రెండింటి మీదా ఎండకు దానంతటదే వెలిసిపోయింది, ఎందుకంటే పసుపులోని రంగు పదార్థం ఎండకు నిలవదు. ఒంటి పొర పలకలకు మరో లక్షణం కూడా ఉంది. మొదటి వానల్లో వాటిలోని చెక్కపొడి నుంచి టీ డికాషన్ రంగు నీరు కారుతుంది, పక్కన తెల్ల గోడ గానీ లేత రంగు టైల్స్ గానీ ఉంటే వాటి మీద చారలు పడతాయి. వంటా వార్పూ, పచ్చళ్ళూ, వడియాలూ ఉండే తెలుగువారి పెరట్లో తొడుగు ఉన్న పలకకు పెట్టే అదనపు ధర వృథా కాదని నేను గట్టిగా చెబుతాను.

ఇక అసలు విషయం చట్రం. టేకు చెక్కతో పోల్చితే ఈ పలకల బిగువు మూడో వంతుకు అటూఇటూగా ఉంటుంది. చెక్క పలక రెండు అడుగుల ఎడంలో ఉన్న దూలాల మీద కూడా నిలబడవచ్చు గానీ, డబ్ల్యూపీసీకి 300 మిల్లీమీటర్లకు ఒక ఆధారం ఉండి తీరాలి. పలక తయారీదారులు అదే పదార్థంతో చేసిన సన్నని కమ్మీలను కూడా అమ్ముతారు. వాటిని గట్టి కాంక్రీటు నేల మీద పూర్తిగా ఆనేలా పరచడానికే తయారుచేశారు; రెండు దిమ్మెల మధ్య దూలంలా వేస్తే అవి నెలల్లోనే కిందికి వంగిపోతాయి. మాకు పలకలు అమ్మిన దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పలేదు. పెరడు మట్టి నేలా, కాంక్రీటు నేలా అని అడగకుండానే పలకలు, కమ్మీలు కలిపి చదరపు అడుగుకు ఇంత అని కాగితం మీద రాసి ఇచ్చారు. నాలుగు వేల రూపాయల మిక్సీ కొన్నా ఎలా వాడాలో పది నిమిషాలు చెప్పే అంగళ్ళున్న ఊళ్ళో, ఇన్నేళ్ళు నిలవాల్సిన వస్తువును ఇలా అమ్మడం న్యాయం కాదు. ఈ సమీక్షలో నాకున్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే, ఇది పలక మీద కాదు, అమ్మకం తీరు మీద.

తయారీదారు కరపత్రం చివరి పేజీ చదివాక కమ్మీలు వద్దని చెప్పి, 50 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుము) చదరపు గొట్టాలతో చట్రం చేయించాము. ఎర్రమట్టి నేలను కొన్ని అంగుళాల లోతున తీసి, గట్టిగా దిమ్మిస వేయించి, కలుపు మొలవకుండా గుడ్డ పరచి, దాని మీద కంకర పోయించాము. కాంక్రీటు దిమ్మెలను వరుసగా పోసి వాటి మీద చట్రాన్ని నిలబెట్టాము. వెల్డింగ్ చేసిన ప్రతి చోటా గొట్టం మీది జింకు పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కాబట్టి ఆ అతుకులన్నిటినీ రుద్ది జింకు ఎక్కువగా ఉండే పెయింటు వేయాలి. పైకి కనిపించదు కనుక వెల్డర్లు ఈ పనిని వదిలేయడం మామూలే. దగ్గరుండి చేయించుకోవాల్సిన పని ఏదైనా ఉందంటే అది ఇదే. మేస్త్రీ గారు రసమట్టం పెట్టి చట్రాన్ని అచ్చంగా సమతలంగా నిలబెట్టబోతే, ఇంటి గోడ నుంచి బయటికి 2.9 మీటర్లకు 3 సెంటీమీటర్ల వాలు ఇవ్వమని కోరాము. పలకల మీది గాళ్ళు ఆ వాలు దిశలోనే ఉండేలా పరిచాము కనుక వాన నీరు గాళ్ళ వెంట బయటికి జారిపోతోంది.

డెక్ కొలతను పెరడును బట్టి కాక పలకను బట్టి నిర్ణయించడం మాకు బాగా కలిసివచ్చింది. పలక పొడవు 2.9 మీటర్లు కాబట్టి డెక్ వెడల్పు కూడా అంతే పెట్టాము. 28 పలకలు, వాటి మధ్య 5 మిల్లీమీటర్ల సందులు కలిపి 4.2 మీటర్ల పొడవు వచ్చింది. సుమారు 130 చదరపు అడుగుల డెక్‌లో ఎక్కడా పలకకు పలక అతుకు లేదు, కోసి పారేసిన ముక్కలు దాదాపు లేవు. అతుకు లేకపోవడం అందానికే కాదు, ఎండకు సంబంధించిన ఒక ఇబ్బందిని కూడా తప్పిస్తుంది.

కలప తేమకు వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు. డబ్ల్యూపీసీ దీనికి పూర్తిగా విరుద్ధం. తేమకు పెద్దగా చలించదు, వేడికి మాత్రం పొడవునా సాగుతుంది. తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నపు ఎండకూ మధ్య పలక ఉష్ణోగ్రతలో 30 డిగ్రీల తేడా వస్తే 2.9 మీటర్ల పలక సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. చివరను గోడకు ఆనించి బిగిస్తే ఆ పెరుగుదలకు చోటు లేక పలక మధ్యలో పైకి లేస్తుంది. మా డెక్‌లో గోడ వైపు 8 మిల్లీమీటర్ల ఖాళీ వదిలాము. ప్రతి పలకనూ మధ్య గొట్టం దగ్గర మాత్రమే స్క్రూతో స్థిరంగా బిగించి, మిగిలినచోట్ల పలకల మధ్య సందుల్లో వాటిని పట్టి ఉంచే క్లిప్పులకు వదిలేశాము. దాంతో పలక మధ్య నుంచి రెండు వైపులా సమంగా కదులుతోంది. వేసవి మొత్తం గడిచినా ఒక్క పలక కూడా లేవలేదు.

ఎండలో కాలు పెట్టగలమా అన్న ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాలి. బెంగళూరు చల్లని ఊరన్న పేరున్నా 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. ముదురు గోధుమ, లేత బూడిద రంగుల పలక ముక్కలనూ, ఒక టేకు ముక్కనూ పక్కపక్కన మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంచి అరచేయి ఆనించి చూశాము. టేకు మీద చేయి నిలిచింది, బూడిద రంగు పలక మీద కాసేపు ఓర్చుకోగలిగాము, గోధుమ రంగు పలక మీద పెట్టిన చేయి వెంటనే తీసేయవలసి వచ్చింది. అందుకే దుకాణంలో ఎంతో అందంగా కనిపించిన ముదురు రంగును వదులుకుని లేత బూడిద రంగు తీసుకున్నాము. డెక్ తూర్పు వైపు ఉండడం, మధ్యాహ్నం తర్వాత ఇంటి నీడ పడడం మాకు అనుకూలించాయి. రోజంతా ఎండ పడే చోట ఏ రంగు పలకైనా వేసవి మధ్యాహ్నాల్లో చెప్పులు లేకుండా నడవడానికి పనికిరాదు.

వాన విషయంలో ఈ పలకలకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. మే నెల గాలివానలు, ఆపైన నైరుతి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ముసురు పట్టిన రోజులు అన్నీ దాటుకుని పలకలు ఉబ్బలేదు, మెలి తిరగలేదు, చివర్లు విచ్చుకోలేదు. చెద సంగతి చెప్పనక్కరలేదు. జారుడు విషయంలో మాత్రం పలకకు రెండు ముఖాలుంటాయి. ఒకవైపు చెక్క గీతల అచ్చు, రెండోవైపు గాళ్ళు. తడిసినప్పుడు గాళ్ళ వైపే కాలికి పట్టు ఎక్కువ. పెద్దవారున్న ఇంట్లో ఆ వైపునే పైకి ఉంచుకోవడం క్షేమం, గాళ్ళలో చేరే ఎర్రదుమ్మును గట్టి చీపురుతో ఊడ్చుకోవలసి వచ్చినా సరే.

పక్కింటి మామిడి చెట్టు కొమ్మలు కొన్ని డెక్ మీదికి వాలి ఉన్నాయి. పూత సమయంలో తేనెమంచు పురుగు పట్టి, కొమ్మల కింద ఉన్న పలకలన్నీ జిగురుగా తయారయ్యాయి, ఆ జిగురు మీద నల్లని మసి బూజు పాకింది. చూసినవారంతా పలక పాడైందని అనుకున్నారు. గోరువెచ్చని సబ్బు నీళ్ళు పోసి మెత్తని బ్రష్‌తో రుద్దితే బూజు పూర్తిగా పోయింది, పలక రంగు చెక్కుచెదరలేదు. ఇక్కడ ఒంటి పొర పలక ఉండి ఉంటే ఆ మరక లోపలికి దిగి ఉండేదని నా నమ్మకం.

క్లిప్పులు, స్క్రూల గురించి ఒక మాట. పలకలతో పాటు వచ్చిన క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువే. స్క్రూలు మాత్రం మామూలు పూత వేసినవి కావడంతో వాటిని పక్కనపెట్టి హార్డ్‌వేర్ దుకాణాలుండే ఎస్.జె.పి. రోడ్డులో వేరుగా కొన్నాము. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళడం మంచిది. 304 రకం స్టీలు అయస్కాంతానికి దాదాపు అంటుకోదు, 410 రకం అంటుకుంటుంది. ఇనుప గొట్టంలోకి నేరుగా దూసుకుపోవడానికి 410 గట్టిదే, కానీ తుప్పును తట్టుకోవడంలో 304 మెరుగు. మేము ముందుగా బరమాతో రంధ్రం వేసుకుని 304 వాడాము. పని కొంచెం పెరిగింది, అయినా ఇది తగిన శ్రమే.

క్లిప్పుల పద్ధతిలో ఉన్న నిజమైన లోపం మరమ్మతు. ప్రతి పలకా పక్క పలకతో ముడిపడి ఉంటుంది కాబట్టి మధ్యలో ఒకదాన్ని తీయాలంటే అంచు నుంచి వరుసగా విప్పుకుంటూ రావాలి. బెంగళూరులో చాలా ఇళ్ళకు పెరట్లోనే మురుగు నీటి చాంబర్ గానీ, సంపు మూత గానీ ఉంటుంది. మిత్రుడి పెరట్లో చాంబర్ సరిగ్గా డెక్ మధ్యలోకి వచ్చింది. దాని మీద పలకలను పరచకుండా, వేరుగా చిన్న చట్రం చేయించి, దానికి పలక ముక్కలను పైనుంచి స్క్రూలతో బిగించి, ఎత్తి పక్కన పెట్టగలిగే మూతలా అమర్చాము. డెక్ పక్కలకు సన్నని జల్లెడ బిగించి ఎలుకలు, పాములు కిందికి చేరకుండా చేశాము. గాలి ఆడటానికి అడ్డు లేకుండా ఉండాలి కనుక పక్కలను పలకలతో మూసేయలేదు.

కోత పని సులువే. వడ్రంగులు వాడే మామూలు చేతి కట్టర్ సరిపోతుంది, చిత్రిక అవసరం లేదు, పాలిష్ లేదు. అయితే కోసినప్పుడు రాలే పొడి చెక్కపొట్టు కాదు, సగం ప్లాస్టిక్. దాన్ని మొక్కల మొదట్లో పోయకూడదు, కాల్చకూడదు. కింద టార్పాలిన్ పరచి కోయించి, పొడినంతా సంచిలోకి ఎత్తించాము. పనివారికి ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పడం ఇంటివారి బాధ్యత.

ఖర్చు దగ్గరికి వస్తే, పలకలకు ఎంత అయిందో దాదాపు అంతే మళ్ళీ గొట్టాలకు, దిమ్మెలకు, వెల్డింగ్‌కు, స్క్రూలకు అయింది. కాబట్టి దుకాణంలో చెప్పిన చదరపు అడుగు ధరను రెట్టింపు చేసుకుని, అది భరించగలమా అని చూసుకుని దిగాలి. హామీ పత్రాన్ని ఆసాంతం చదవాలి. మాకు ఇచ్చినదాంట్లో పుచ్చు, చెద, పగుళ్ళు ఉన్నాయి, రంగు వెలియడం లేదు. తయారీదారు చెప్పిన ఎడంలో ఆధారాలు లేకపోతే హామీయే వర్తించదని కూడా అందులో రాసి ఉంది. చట్రం ఫొటోలను పలకలు పరచకముందే తీసి బిల్లుతో పాటు దాచాము.

నిప్పు విషయంలో రాజీ లేదు. ఇందులో ఎక్కువగా వాడే ప్లాస్టిక్ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కాకరపువ్వొత్తి నిప్పురవ్వ పడినా పలక మీద గుంట పడుతుంది, ఆ గుంటను రుద్ది సరిచేయడం కుదరదు. దీపావళి టపాసులు, ఆరుబయట పొయ్యి డెక్‌కు దూరంగానే ఉంచాలి. తులసి దగ్గర దీపం పెట్టేవారు ప్రమిద కింద రాతి పలక ఉంచుకుంటే చాలు.

సగం పూట నీడ పడే పెరడు ఉండి, కింద ఇనుప చట్రానికి సరిపడా డబ్బు కేటాయించగలిగి, ఏటా నూనె పట్టించే ఓపిక లేని కుటుంబానికి తొడుగు ఉన్న నిండు పలకలను నేను సంతోషంగా సిఫారసు చేస్తాను. మేడ మీద, రోజంతా ఎండ పడే చోట వేయాలనుకునేవారికి మాత్రం సిఫారసు చేయను. మిత్రుడు ఇప్పుడు మేడ మీద కూడా ఇవే పలకలు వేద్దామంటున్నాడు. ముందు పైన రేకుల పందిరి గానీ, తీగ పాకించిన పందిరి గానీ వేయించి, ఆ తర్వాతే పలకల సంగతి చూద్దామని అతనికి చెప్పాను.